నదికి మనమిచ్చు నీరు
(కార్తికమాస ప్రవచనము)



ప్రతి సంవత్సరము కార్తికమాసములో ఈ మండపమున నాలుగు మాటలు చెప్పుమని ట్రస్టువారు మమ్ము పిలుచుచున్నారు. ఈసారి "నదీస్నాన మహిమ" అను విషయము నిర్ణయించి కరపత్రము కూడ అచ్చు వేయించిరి. మేము వారితో, "నదీస్నానమును గురించి తప్పక చెప్పెదము, కాని మురుగునీటితో ఆరంభించెదము" అంటిమి. కార్యదర్శిగారు ఒక్క క్షణము మా ముఖము చూచి, పరిహాసమాడుచున్నామనుకొని నవ్విరి. పరిహాసము కాదు. దేవాలయమున పలుకదగని మాట అని కొందరికి తోచవచ్చును. మాకును చాలకాలము అట్లే తోచినది. ఎట్లు మారినదో చెప్పెదము, కొంచెము ఓపిక పట్టుడు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఇదే మాసములో మా విద్యార్థులను వెంటబెట్టుకొని నల్లగొండ జిల్లా వాడపల్లికి వెళ్ళితిమి. అది కృష్ణా మూసీ నదుల సంగమక్షేత్రము. మీలో చాలమంది దర్శించియే యుందురు. లక్ష్మీనరసింహస్వామివారి గర్భాలయములో, స్వామి ముఖమునకు సమానమైన ఎత్తున నున్న దీపము ఊపిరి తగిలినట్లు కదలుచుండును. క్రింది దీపము నిశ్చలముగా నుండును. అగస్త్యేశ్వరస్వామి శిరస్సున నున్న బిలములో నీరు ఎప్పుడును ఇంకక నిలిచియుండును. శరణన్న పక్షిని విడువక, వేటగానికి తన తలనే చూపిన దయామయుడాయన యని స్థలపురాణము.

దర్శనమునకు ముందు స్నానము చేయవలెను గదా యని రేవుకు దిగబోవుచుండగా, వలలు సర్దుకొనుచున్న ఒక ముసలి జాలరి మమ్ము చూచి, "అయ్యగారూ, ఇక్కడ దిగకుండ్రి. ఇవి పట్నం నీళ్లు. ఆ పక్కకు పోయి కృష్ణల మునుగుండ్రి" అనెను.

పట్నము నీళ్లు! మేము ఆ పట్నము నుండియే వచ్చితిమి. నలుబది సంవత్సరములకు పైగా ఆ పట్నములోనే కాపురము. మా ఇంటి స్నానపు నీరు, మా ఇంటి వంట నీరు, చెప్పుటకు సిగ్గుపడు మిగిలిన నీరు, అన్నియు ఎచ్చటికి పోవుచున్నవో అంతకు ముందు ఒక్కనాడును ఆలోచింపలేదు. మాతోనున్న పిల్లవాడొకడు, "గురువుగారూ, సంకల్పములో సంగమమని చెప్పి, మూసీని తాకకుండ మునిగినచో అది సంగమస్నానమగునా?" అని అడిగెను. ఏదో ప్రమాణము చూపి వానిని సమాధానపరచితిమి. వాడు తృప్తిపడెను. మేము పడలేదు.

ఇంతకు మూసీ ఎటువంటి నది? వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో, అనంతపద్మనాభస్వామి పాదసన్నిధిని పుట్టినది. ముచుకుంద మహారాజు కథ భాగవతము దశమస్కంధములో మీరందరు వినియున్నారు. దేవతల పక్షమున యుద్ధము చేసి అలసి గుహలో నిద్రించుచున్న ఆ మాంధాతృపుత్రుని కాలయవనుడు కాలితో తన్ని లేపి, ఆయన చూపుతో భస్మమయ్యెను. పిమ్మట శ్రీకృష్ణపరమాత్మ ఆయనకు దర్శనమిచ్చెను. ముచుకుందుడు ఆ పాదములను కడిగిన జలమే ప్రవాహమై ముచుకుందానది యైనదనియు, వాడుకలో మూసీ అయినదనియు అనంతగిరి స్థలపురాణము చెప్పుచున్నది. అనగా మనము "మూసీ కాలువ" యని ముక్కు మూసుకొని దాటునది పరమాత్మ పాదతీర్థము. ముక్కు మూసుకొనవలసిన స్థితి ఆ నది తెచ్చుకొన్నది కాదు.

పుట్టుక నుండి వాడపల్లి వరకు ఆ నది నడచునది సుమారు 240 కిలోమీటర్లు. కొండ దిగినప్పుడు అది స్వచ్ఛముగానే యుండును. నగరమునకు పడమట దానిమీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ కలవు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో నగరము చాల దెబ్బతిని వేలమంది మరణించిన తరువాత, నిజాము ప్రభువు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వారి సలహాపై కట్టినవే ఈ రెండు జలాశయములు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. నగరమునకు మురుగునీటి కాలువల ఏర్పాటును కూడ ఆ మహానుభావుడు అప్పుడే యోచించెనన్నది చాలమందికి తెలియదు. వరదనీటిని ఆపుట ఒక పని. వాడిన నీటిని మర్యాదగా సాగనంపుట ఇంకొక పని. రెండును ఒకే నదికి సంబంధించినవని ఆయన గ్రహించెను.

రెండు నదులు కలియుచోట, లంగర్‌హౌజు వద్ద, బాపూఘాట్ ఉన్నది. 1948లో గాంధీమహాత్ముని చితాభస్మము నిమజ్జనము చేసిన స్థలమది. అటువంటి పుణ్యసంగమము దాటగానే నగరము ఆ నదిని అందుకొనును.

ఇక్కడ శాస్త్రము మాట చెప్పవలెను. నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు, వివస్త్రుడై స్నానము చేయరాదు అని తైత్తిరీయారణ్యకములోని అరుణప్రశ్న నియమము విధించుచున్నది. అరుణపారాయణము చేయువారు ప్రతి ఆదివారము ఈ మాటలు పలుకుచునే యుందురు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమును ఇదే నిషేధమును చెప్పినది. మైలబట్ట గాని, నెత్తురు గాని, విషము గాని నీటిలో వేయరాదని ఇంకను కలిపినది. మా చిన్నతనమున పాఠశాలలో శౌచవిధి మొదటి పాఠము. ఏటికి ఎంత దూరము పోవలెను, నీటిని పాత్రతో పైకి తెచ్చుకొని వాడవలెను గాని పాత్రను ఏటిలో కడుగరాదు, ఇట్టివి గురువుగారు బెత్తము చూపి నేర్పిరి. ఏటిగట్టున ఉమ్మిన పిల్లవాడు ఆ పూట అన్నము లేక పడుకొన్నాడు. ఆ పిల్లవాడెవరో మీరు ఊహించుకొనవచ్చును.

ఆ నియమము మేము నేటికిని తప్పలేదనుకొనుచుంటిమి. ఏనాడును నదిలో ఉమ్మలేదు, ఇతర కార్యము చేయలేదు. నిజమే, మేము చేయలేదు. మా ఇంటి గొట్టము చేసినది. ప్రతిదినము, మేము సంధ్యావందనము చేయుచున్న సమయముననే, మా పేరుమీద ఆ గొట్టము నదిలో విడుచుచునే యున్నది. ఒకడు తన చేతితో చేయక సేవకునిచేత చేయించిన పాపము ఎవరిదో ధర్మశాస్త్రము చదివినవారిని అడుగనక్కరలేదు. గొట్టము మన సేవకుడే గదా!

వాడపల్లి నుండి వచ్చినది మొదలు ఈ ఆలోచన మమ్ము విడువలేదు. మా పూర్వవిద్యార్థి ఒకని కుమారుడు ఇంజనీరు. అంబరుపేటలో మూసీ ఒడ్డున మురుగునీటి శుద్ధి కేంద్రము ఉన్నదని, తీసుకొనిపోయి చూపెదనని అతడు చెప్పగా, మొదట మేము వెనుదీసితిమి. అనుష్ఠానపరులకు అది తగదను సంకోచము. మా ఇంటివారు మాత్రము, "వెళ్ళి వచ్చి స్నానము చేయండి, అంతే గదా! మన నీళ్లే గదా అవి!" అనిరి. ఆ మాటకు ఎదురు చెప్పలేక వెళ్ళితిమి.

జాతీయ నదీ పరిరక్షణ పథకము క్రింద మూసీకోసము కట్టిన నాలుగు కేంద్రములలో అది పెద్దది. మిగిలినవి నాగోలు, నల్లచెరువు, అత్తాపూరు. ఒక్క అంబరుపేట కేంద్రమే దినమునకు 339 మిలియన్ లీటర్లు, అనగా 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధిచేయుటకు ఏర్పరచినది. కోట్ల లెక్కలో నీటిని వినుట మాకదే ప్రథమము.

లోనికి పోవగానే వచ్చు దుర్గంధమును గురించి చెప్పము, అది అందరెరిగినదే. మొట్టమొదట ఇనుపకడ్డీల జల్లెడలు. నీటితో కొట్టుకొనివచ్చిన గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, సీసాలు అచట ఆగిపోవును. తరువాతి తొట్లలో ఇసుక దిగిపోవును. పిమ్మట నీటిని లోతైన గదులలోనికి అడుగు భాగము నుండి పైకి పంపుదురు. ఆ గదులలో నల్లని బురద ఒక దుప్పటివలె తేలియుండును. ఆ బురద నిండ కంటికి కనబడని ప్రాణులు. గాలి అవసరము లేని జీవులవి. నీరు మెల్లగా వానిగుండ పైకి వచ్చులోపల అందలి మాలిన్యమును అవి భుజించును. భుజించి వాయువును విడుచును. మన పల్లెలలో పేడతో తయారుచేయు గోబరు గ్యాసు వంటిదే యది. అచటినుండి విశాలమైన మడుగులలోనికి పంపి, పెద్ద చిలుకు యంత్రములతో నీటిలోనికి గాలి ఎక్కించుదురు. ఇచట గాలి పీల్చు జీవులు మిగిలిన పని చేయును. చివరి మడుగులో నీరు కదలక నిలిచి తేరుకొనును. ఆ తరువాతనే నదిలోనికి.

మేము అడిగితిమి: "నాయనా, ఇందులో మీరు కలుపు మందేది?" అతడు నవ్వి, "ముఖ్యమైన పని చేయునది మందు కాదండీ, ఆ ప్రాణులే. మేము వాటికి గాలి, సమయము, చోటు ఇచ్చుట తప్ప చేసేదేమీ లేదు. కడపట కొంచెము క్లోరిన్" అనెను. నది తాను వందల మైళ్లు పారుచు, రాళ్లపై దూకి గాలి కలుపుకొనుచు చేసికొను పనినే మనుష్యుడు కొన్ని ఎకరములలో చేయుచున్నాడు. పారు నీటికి దోషము లేదని పెద్దలన్నది ఇందువలననే. అయితే పెద్దలు ఆ మాట అన్నప్పుడు నది ఒడ్డున కోటిమంది లేరు.

ఆ జల్లెడల దగ్గరకు మరల వచ్చెదము. అచట మేము చూచినది మనస్సులో నాటుకొనిపోయినది. కడ్డీలకు చిక్కుకొన్న చెత్తలో బంతిపూల దండలు, కుంకుమ పొట్లములు, కలశము మీది రవికెగుడ్డలు. వానితోబాటు దేవుని పటములు. క్యాలెండరు నుండి కత్తిరించినవి, అద్దము పగిలినవి. చెత్త తీయు పనివాడొకడు పటములను వేరుచేసి, నీళ్లతో కడిగి, ఆవరణలోని వేపచెట్టు మొదట ఆనించి పెట్టుచుండెను. అట్టివి ఇరువదికి పైగా ఉన్నవి. మమ్ము చూచి చేతులు వెనుకకు పెట్టుకొని, "అయ్యగారూ, ఇవి రోజూ వస్తయి. చెత్తల వేయ మనసొప్పదు" అనెను. పూజగదిలో పెట్టుకొని పూజించినవారు కాలువలో వేసిరి. కాలువలో నిలుచున్నవాడు తీసి చెట్టుక్రింద ప్రతిష్ఠించెను. మేము నమస్కరించితిమి. పటములకే అని ఆతడనుకొని యుండును.

దాచిన ప్రయోజనము లేదు గనుక ఈ మాట కూడ చెప్పెదము. మా పెద్దలు, మేము కూడ, మలినమును తీయువానినే మలినుడని దూరముగా నుంచితిమి. మలినము ఎవరిదను ప్రశ్న వేసికొనలేదు. ఇండ్లనుండి పోవు గొట్టములు గుడ్డలతో, నూనె జిడ్డుతో పూడిపోయినప్పుడు మ్యాన్‌హోలులోనికి మనుష్యుని దింపు దురాచారము దేశమున ఇంకను పూర్తిగా పోలేదు. 2013లో పార్లమెంటు చేసిన చట్టము రక్షణ లేకుండ అట్లు దింపుటను నిషేధించినది. అయినను విషవాయువు పీల్చి చనిపోయినవారి వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. మనము కాలువలో వేసిన రవికెగుడ్డ ఒకని ప్రాణము తీయవచ్చును.

ఇక ఒక భక్తుడు నిన్న మమ్మడిగిన ప్రశ్న. "అట్లు శుద్ధిచేసిన నీటితో ఆచమనము చేయవచ్చునా? అభిషేకము చేయవచ్చునా?" చేయరాదు. శుద్ధియందు తారతమ్యములు కలవు. కాళ్లు కడుగుకొనుటకు పనికివచ్చు నీరు ఆచమనమునకు పనికిరాదు. ఆచమనమునకు పనికివచ్చినదంతయు అభిషేకమునకు పనికిరాదు. ఇంజనీర్లు కూడ ఇట్టి తారతమ్యమునే వేరొక కొలతతో చెప్పుచున్నారు. నీటిలోని మాలిన్యమును సూక్ష్మజీవులు తినివేయుటకు ఎంత ప్రాణవాయువు ఖర్చగునో దానినిబట్టి మాలిన్యమును కొలుతురు. బి.ఓ.డి. అని దాని పేరు. మన ఇండ్లనుండి పోవు మురుగునీటిలో అది లీటరుకు సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాములుండును. శుద్ధిచేసిన పిమ్మట హైదరాబాదువంటి మహానగరములలో 20కి మించరాదని 2017లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రమాణము విధించినది. స్నానమునకు తగిన నదీజలములో 3కు మించరాదు. చూచితిరా! శుద్ధి కేంద్రము నుండి వచ్చు నీరు స్నానయోగ్యమైన నీరు కాదు, నదికి ఇవ్వదగిన నీరు. మిగిలిన శుద్ధిని నది తాను చేసికొనవలెను. అందుకు నదిలో నదినీరు కూడ ఉండవలెను గదా.

ఇచటనే మూసీకి ఉన్న విశేషమైన దుఃఖము. కొండ నుండి వచ్చు నీరు జలాశయములలో నిలిచిపోవును. వానకాలము పోయినచో నగరము దాటిన మూసీలో పారునది చాలవరకు మనము వాడి విడిచిన నీరే. అనగా ఆ నదికి అనంతగిరి ఒక జన్మస్థానమైతే, ఎండకాలములో అంబరుపేట రెండవ జన్మస్థానము. అచట శుద్ధి జరిగినచో దిగువకు నది పారును. జరగనిచో మురుగు పారును. వేరొక నదికి శుద్ధి కేంద్రము కాపలాదారు వంటిదైతే, మూసీకి తల్లివంటిది. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ కేంద్రమును మునుపటివలె చూడజాలకపోతిమి.

అయితే ఈ తల్లి ఒక్కతె చాలదు. 2021 నాటి లెక్కలను బట్టి నగరములో దినమునకు సుమారు 1,650 మిలియన్ లీటర్ల మురుగునీరు పుట్టుచుండగా, అప్పటికున్న 25 కేంద్రములు శుద్ధి చేయగలిగినది 772 మిలియన్ లీటర్లు. సగమునకు తక్కువ. తక్కినది ఉన్నది ఉన్నట్లుగా పోవుచుండెను. ఆ సంవత్సరమే 31 కొత్త కేంద్రములకు ప్రభుత్వము అనుమతినిచ్చినది. వాని మొత్తము సామర్థ్యము దాదాపు 1,260 మిలియన్ లీటర్లు; వ్యయము 3,866 కోట్ల రూపాయలు. వానిలో కొన్ని పూర్తియై పనిచేయుచున్నవి. సంతోషము. కాని గొట్టము చేరని ఇంటి నీటిని ఏ కేంద్రము శుద్ధి చేయగలదు? మురుగు కాలువలో కలియక వర్షపునీటి కాలువలో కలిసిన నీరు నేరుగా నాలాకు, నాలానుండి నదికి పోవును. సెప్టిక్ ట్యాంకు శుభ్రముచేయించి, ఆ లారీ ఎచ్చట ఒంపుచున్నదో అడుగని గృహస్థుడు కూడ నదిలో ఒంపినట్లే.

దిగువనున్నవారు మనకు పరాయివారు కారు. అంబరుపేట దాటినది మొదలు మూసీ ఒడ్డున గడ్డిమడులు. పశువులకు పచ్చిగడ్డి ఆ నీటితో పెంచుదురు. ఇంకను దిగువకు వరిపొలములు. కత్వలు కట్టి ఆ నీటినే మళ్లించుకొందురు. సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు క్రింద వేల ఎకరములు సాగగుచున్నవి. ఆ రైతులకు వేరే నీరు లేదు. మడిలో దిగి దురదలతో పైకి వచ్చువారిని మేము చూచితిమి. ఆ గడ్డిని మేసిన గేదెల పాలు మరల ఎచ్చటికి వచ్చుచున్నవి? పట్నమునకే. మనము తెల్లవారుజామున గిన్నె పట్టుకొని నిలుచుండి కొని తెచ్చి, సోమవారమునాడు శివునికి అభిషేకించు పాలలో ఆ గేదెలవి లేవని ఎవ్వరును ప్రమాణము చేయజాలరు. కాలువలో విడిచినది కలశములోనికి వచ్చినది. కర్మఫలము జన్మాంతరమున గాని రాదని ధైర్యముగా నుండుట చెల్లదు.

పాల ప్రసక్తి వచ్చినది గనుక మన దేవాలయము సంగతి చెప్పక తప్పదు. ట్రస్టువారి అనుమతి తీసికొనియే చెప్పుచున్నాము. శుద్ధి కేంద్రము చూచివచ్చిన తరువాత, మా ఇంటి గొట్టము ఎచ్చటికి పోవుచున్నదో కనుగొంటిమి. అది సరిగానే యున్నది. ఆ సంతోషముతో, మన ఆలయపు గొట్టము సంగతి విచారించితిమి. అన్నదానశాల నీరు, అభిషేకజలము, రెండును ప్రహరీ వెనుకనున్న వర్షపు కాలువలో కలియుచుండెను. ఎన్ని సంవత్సరముల నుండియో! శివాలయములో ప్రదక్షిణము చేయునప్పుడు సోమసూత్రమును దాటము. గోముఖి నుండి జారు అభిషేకజలమును త్రొక్కరాదని అచటి వరకు వచ్చి వెనుదిరుగుదుము. చిన్నపిల్లవాడు దాటబోయినను చేయిపట్టి లాగుదుము. అంతటి భక్తితో కాపాడిన జలము గోడకు అవతల ఏమగుచున్నదో మనలో ఒక్కరును తొంగిచూడలేదు. మేమును చూడలేదు. ఈ ఆలయమునకు మేము ముప్పది యేండ్లుగా వచ్చుచున్నాము.

పాలు పవిత్రమైనవి గదా, నీటిలో కలిసిన దోషమేమని మీరనవచ్చును. ఆ ఇంజనీరు చెప్పగా మేము నమ్మలేకపోతిమి. పైన చెప్పిన కొలతను బట్టి చూచినచో పాలకు లీటరుకు లక్ష మిల్లీగ్రాముల వరకు వచ్చును. అనగా ఒక లీటరు పాలు నదిలో కలిసినచో, కొన్ని వందల లీటర్ల మురుగునీరు కలిసినంతగా ఆ నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోవును. చేపలు ఊపిరాడక చచ్చునది ఇందువలననే. పాలకు దోషము లేదు. పాలు ప్రాణులకు ఆహారము. నీటిలోని సూక్ష్మప్రాణులు దానిని విందుగా భుజించి, నీటిలోని గాలినంతయు పీల్చివేయును. నూనె, నెయ్యి కూడ ఇంచుమించు ఇట్టివే. పైగా అవి గొట్టములలో గడ్డకట్టును.

గత సంవత్సరము ట్రస్టువారు ఆ గొట్టములను మురుగు కాలువకు కలిపించిరి. అన్నదానశాల దగ్గర జిడ్డు తేలుటకు ఒక గుంట కట్టించిరి. నిర్మాల్యమునకు వెనుకవైపు ఎరువు గుంట త్రవ్వించిరి. ఇంతవరకు ఎవరును అభ్యంతరము చెప్పలేదు. అభిషేకపు పాలు తగ్గించి, చిన్న పాత్రతో పోసి, మిగిలినవి కాచి ప్రసాదముగా పంచుదమని మేము సూచించినప్పుడు మాత్రము చాలమంది బాధపడిరి. ఒక వృద్ధమాత మాతో, "మొక్కుకొన్నాము బాబూ, ఇరువది లీటర్లు పోస్తామని" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆమెకు ఏమి చెప్పవలెను? ఆమె మ్రొక్కు అబద్ధము కాదు. ఆమె పాలను స్వామికి నివేదించి, ఒక చెంబుడు అభిషేకించి, తక్కినవి ఆ దినము వచ్చిన పిల్లలకు ఆమె చేతులమీదుగానే పోయించితిమి. పిల్లలు త్రాగుచుండగా ఆమె ముఖము చూచితిమి. మ్రొక్కు తీరలేదని ఆమెకు తోచినట్లు మాకు కనబడలేదు. అయినను ఇట్లే చేయవలెనని మేము శాసించుట లేదు. ఆగమవిధిని అర్చకస్వాములు చూచుకొందురు. గోడకు అవతలకు ఒకసారి తొంగిచూడుడని మాత్రమే మా ప్రార్థన.

నదీస్నాన మహిమ చెప్పుమన్నారు గదా! గంగ, యమున, గోదావరి, కృష్ణ మున్నగు నదులను మనము చెంబులోని నీటిలోనికి ఆవాహనము చేయుదుము. ఇంటిలో స్నానము చేయుచునే నదీస్నానఫలము పొందుటకు ఋషులు చూపిన దయ అది. చెంబులోనికి రమ్మని పిలిచిన దేవతను, ఒడలిమీదుగా జారిన పిమ్మట ఎచ్చటికి పంపుచున్నాము? ఆవాహనము నేర్చిన మనకు ఉద్వాసన కూడ తెలిసియుండవలెను. పిలిచిన అతిథిని సాగనంపని ఇంటికి మరల ఎవ్వరును రారు.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములో 351 నదీభాగములు కలుషితమైనవని గుర్తించినది. అందు మూసీ కూడ ఉన్నది. ఆ పట్టికలోని పేర్లలో కొన్ని మన సంకల్పములలోను, స్తోత్రములలోను వచ్చు పేర్లే. అందుచేత ఇది ఇంజనీర్ల పని, మనకేమి యని కూర్చుండుటకు వీలులేదు. సంకల్పము చెప్పువారు మనమే గదా.

ఈ పౌర్ణమికి వాడపల్లి యాత్రకు రెండు బస్సులు ఏర్పాటైనవి. రాదలచినవారు కార్యాలయములో పేరు వ్రాయించుకొనుడు. దీపములు ఆకుదొన్నెలలోనే తెచ్చుకొనుడు. ప్లాస్టిక్ గిన్నెలు, థర్మకోలు వలదు. స్నానము కృష్ణవైపుననే. మూసీవైపు రేవునకు కూడ మేము వెళ్ళెదము. దిగము, ఒడ్డున నిలిచి నమస్కరించెదము. ఆ జాలరి ఇంకను ఉన్నాడేమో చూడవలెను. వచ్చు ఆదివారము ఉదయము, ఆసక్తి గలవారిని అంబరుపేట కేంద్రమునకు తీసికొనిపోవుటకు ఆ ఇంజనీరు అనుమతి సంపాదించెను. స్త్రీలు, పిల్లలు కూడ రావచ్చును. తిరిగివచ్చి స్నానము చేయవచ్చును. పూజగదిలో పాతబడిన పటములున్నచో కాలువలో వేయక మన కార్యాలయములో ఇండు; అర్చకస్వాములు తగిన విధిని చూచుకొందురు.

గంట మ్రోగుచున్నది. హారతికి వేళయైనది. అందరు లేవుడు.

స్వస్తి.